ఖాళీ నెలల లెక్క

తెలుగునాట ఇంటద్దెల చరిత్ర రాద్దామని కూచుంటే చేతికి ముందుగా తగిలేవి చట్టాలు. 1941 నాటి ఉత్తర్వులు, 1949 చట్టం, 1960 చట్టం, ఆ తర్వాత కోర్టు తీర్పులు. అన్నిట్లోనూ తిరిగి తిరిగి ఒకటే ప్రశ్న: అద్దె ఎంత ఉండాలి? ఈ ప్రశ్న అక్కర్లేనిదని అనను. కానీ నాలుగైదు వాటాల ఇల్లున్న ఒక చిన్న మనిషిని అడిగి చూడండి. ఆయన్ని, చాలాసార్లు ఆవిణ్ణి, రాత్రి నిద్ర పోనివ్వనిది అద్దె ఎంత అన్నది కాదు. ఈ నెల వస్తుందా, ఏ తారీఖున వస్తుంది, మూల వాటా ఇంకెన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది అన్నదే. చట్టాల చరిత్ర మొదటి లెక్క చుట్టూ తిరిగింది. ఇంటివాళ్ళ బతుకు రెండో లెక్క మీద నడిచింది. ఈ రెండో లెక్కకి చరిత్ర రాసినవాళ్ళు తక్కువ.

నేను ఇందులోకి దిగడానికి కారణం పుస్తకాలు కాదు. బుచ్చయ్యపేటలో మాకు ఓ అయిదు వాటాల ఇల్లుంది. ఇప్పుడు అనకాపల్లి జిల్లా అంటున్నాం గానీ, 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లానే. అమ్మకి పింఛను లేదు. ఆ అయిదు వాటాల అద్దే ఆమె బియ్యం, మందులు, కరెంటు. నెలనెలా ఆ లెక్క చూసే పని నాది. అద్దె పెంచితే సరిపోతుంది కదా అని అందరూ ఇచ్చే సలహా. అది ఎందుకు సరిపోదో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

*

"వాటా" అన్న మాటతోనే మొదలుపెడదాం. ఇవాళ మనం పోర్షన్ అంటున్నదాన్ని మా వైపు పెద్దవాళ్ళు ఇంకా వాటా అనే అంటారు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఇంటిని పంచుకుంటే వచ్చేది వాటా. అందులో ఒక తమ్ముడు షిప్‌యార్డులోనో స్టీల్ ప్లాంటులోనో ఉద్యోగమొచ్చి విశాఖ వెళ్ళిపోతే, ఖాళీ అయిన అతని వాటా అద్దెకి పోతుంది. పల్లెల్లో చాలా అద్దె ఇళ్ళు ఇలా పుట్టినవే. అద్దెకిద్దామని ప్లాను గీసి కట్టినవి కావు. అందుకే వంటగది ఒకరిది, నుయ్యి అందరిదీ, కరెంటు మీటరు మాత్రం ఒక్కటే.

వాటా అంటే ఆస్తిలో భాగమే కాదు, రాబడిలో భాగం కూడా. ఈ అర్థం చాలా పాతది. మా మండలంలోని దిబ్బిడి పేరుతో ఒక తామ్రశాసనం ఉంది. శక సంవత్సరం 1191, అంటే క్రీ.శ. 1269 నాటిది. పక్కనున్న వడ్డాది ఒకప్పుడు ఒడ్డాది మత్స్య రాజుల ఊరు. ఆ వంశపు అర్జునుడు బ్రాహ్మణులకి అగ్రహారం ఇచ్చిన దానపత్రం అది. అగ్రహారం అన్నది ఇంటద్దె కాదు, నిజమే. కానీ ఒక ఊరి రాబడిని పలువురు పంచుకు తినే ఏర్పాటు ఏదైనా ఒక్క విషయం మీదే నిలబడుతుంది. కాగితం మీదో రాగిరేకు మీదో ఎంత రాసినా, పంట కల్లానికి చేరినరోజే భాగం చేతికొస్తుంది.

ఈ "చేతికొచ్చే రోజు" ఎంత ముఖ్యమో ఉత్తరాంధ్ర బాగా ఖర్చుపెట్టి నేర్చుకుంది. 1802లో ఈస్టిండియా కంపెనీ ఈ ప్రాంతంలో శాశ్వత బందోబస్తు తెచ్చింది. జమీందారు ఏటా కట్టాల్సిన పేష్కషు ఎప్పటికీ మారకుండా నిర్ణయించింది. జమీందారీలు కాని హవేలీ భూముల్ని ముక్కలు చేసి వేలం వేసి కొత్త యజమానుల్ని పుట్టించింది. వాళ్ళలో చాలామంది తొందర్లోనే మునిగిపోయారు. భూమికి విలువ లేక కాదు. కిస్తు కట్టాల్సిన తారీఖు కదలదు. రైతు దగ్గర్నుంచి డబ్బొచ్చే తారీఖు మాత్రం వానను బట్టి, పంటను బట్టి కదులుతుంది. ఆ రెండు తారీఖుల మధ్య ఖాళీలో షావుకారు కూచున్నాడు. ఏడాది మొత్తం మీద లాభంలో ఉన్న ఎస్టేటు కూడా మూడు నెలల ఎడంలో వేలానికి పోగలదు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు ఇవాళ క్యాష్ ఫ్లో అంటున్నది ఇదే. మనవాళ్ళకి కిస్తు అన్న మాటలో అది ఎప్పుడో తెలుసు.

*

ఇక పట్నాల సంగతి. ఇంటద్దె మీద సర్కారు చెయ్యి పడటం యుద్ధాలతో మొదలైంది, ఇక్కడే కాదు, ప్రపంచమంతటా. మొదటి ప్రపంచయుద్ధంలో స్కాట్లండులోని గ్లాస్గోకి ఓడల తయారీ పనికోసం జనం వచ్చిపడ్డారు. ఇంటివాళ్ళు అద్దెలు పెంచారు. 1915లో అక్కడి ఆడవాళ్ళు ముందుండి అద్దె కట్టం పొమ్మన్నారు. వేల కుటుంబాలు వాళ్ళతో కలిశాయి. ఆ ఏడాది చివరికల్లా బ్రిటన్ పార్లమెంటు అద్దెల్ని నిలిపేస్తూ చట్టం చేసింది.

మనకి ఆ అవసరం రెండో యుద్ధంలో వచ్చింది. 1941లో మద్రాసు ప్రభుత్వం యుద్ధకాలపు అధికారాలతో ఇంటద్దెల నియంత్రణ ఉత్తర్వులు తెచ్చింది. అప్పుడు విశాఖ కూడా మద్రాసు రాష్ట్రంలోదే. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ విశాఖలో సింధియా వాళ్ళ ఓడల కార్ఖానాకి శంకుస్థాపన చేశారు. రేవు అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1933లో, తెరుచుకుంది. ఊరు పెరిగే ఊపు మీద ఉంది. ఏడాది తిరక్కుండా, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకి పరిగెత్తారు. అద్దె ఇంతకు మించకూడదని చెప్పే ఉత్తర్వు ఒకపక్క, ఇల్లు తీసుకునేవాడే లేని వీధులు ఇంకోపక్క. ఆ రోజుల్లో విశాఖలో వాటాలున్న ఒక ముసలావిడకి ఏది ఎక్కువ నష్టం చేసి ఉంటుంది? ఉత్తర్వు కాదు, ఖాళీ.

యుద్ధం అయిపోయినా ఉత్తర్వులు పోలేదు. 1946లో ఒక చట్టం, 1949లో ఇంకో చట్టంగా మారాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తాకి మద్రాసు చట్టం, తెలంగాణకి హైదరాబాదు చట్టం అని రెండు నడుస్తుంటే, రెంటినీ కలిపి 1960లో ఒకే చట్టం చేశారు. అందులో "న్యాయమైన అద్దె" తేల్చడానికి పెట్టిన కొలబద్ద చూడండి. 1944 ఏప్రిల్ 5కి ముందటి పన్నెండు నెలల్లో ఆ పేటలో అలాంటి ఇంటికి ఎంత అద్దె నడిచేదో దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. దానిమీద కొంత పెంపు ఒప్పుకున్నారు గానీ, పునాది మాత్రం యుద్ధకాలపు ధరే. న్యాయమైన అద్దె ఖరారయ్యాక అడ్వాన్సు ఒక నెల అద్దెకి మించి తీసుకోకూడదు. రసీదు అడిగే హక్కు, ఇంటాయన అద్దె పుచ్చుకోకపోతే జమకట్టే హక్కు, నీళ్ళూ దీపం ఆపెయ్యకుండా రక్షణ ఇవన్నీ అద్దెకున్నవాళ్ళకి వచ్చాయి. ఈ రక్షణలు రావాల్సినవే. పట్నంలో పిల్లల్ని చదివించుకుంటున్న గుమాస్తాని రాత్రికి రాత్రి వీధిలో నిలబెట్టే వీలు లేకుండా చేసిందీ చట్టం.

కానీ అందులో ఒక పెద్ద మినహాయింపు ఉండేది. 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్ళకి చట్టం వర్తించదు. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళని ప్రోత్సహించడానికట. అంటే పక్కపక్కనే రెండిళ్ళు. ఒకటి 1956లో కట్టింది, ఇంకొకటి 1958లో కట్టింది. మొదటి ఇంటి యజమాని అద్దె కట్టేసిన గుంజకి కట్టినట్టే. రెండో ఆయన ఇష్టం వచ్చినంత. ఇది పాతికేళ్ళు నడిచింది. 1983 అక్టోబరులో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు, జస్టిస్ వెంకటరామయ్య తీర్పుతో, ఆ మినహాయింపు సమానత్వ హక్కుకి విరుద్ధమని కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం ఇంకో ఉత్తర్వు తెచ్చింది. కట్టి పదేళ్ళు కాని ఇళ్ళకీ, నెలకి వెయ్యి రూపాయలు దాటిన అద్దెలకీ మళ్ళీ మినహాయింపు.

ఈ మధ్యలో పాత ఇళ్ళు ఏమయ్యాయో పట్నాల్లో పాతబజార్లు తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అద్దె పెరగదని తెలిసిన ఇంటాయన పెచ్చులూడినా చూడడు. తక్కువ అద్దెకి దొరికిన వాటా వదిలితే మళ్ళీ దొరకదని అద్దెకున్నాయన కదలడు. పైకి రాయని డబ్బు పగిడీ పేరుతో, గుడ్‌విల్ పేరుతో చేతులు మారింది. చట్టం అద్దెని పట్టుకుంది, డబ్బు పక్కసందులోంచి నడిచింది. పెద్ద ఆస్తిపరులకి ఈ సందులన్నీ తెలుసు. ఒకే ఇల్లున్న వాళ్ళకే దారి దొరకలేదు.

*

మా ఊరికి ఈ గొడవ తగల్లేదు. 1960 చట్టం జంటనగరాలకీ మునిసిపాలిటీలకీ వర్తించేది. బుచ్చయ్యపేట గ్రామపంచాయతీ. ఇక్కడ నోటిమాటే ఒప్పందం, తగువొస్తే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 106వ సెక్షను ప్రకారం నెలవారీ అద్దె ఒప్పందం రద్దుకి పదిహేను రోజుల నోటీసు చాలు. రాతకోతలు పెట్టుకునేవాళ్ళు పదకొండు నెలలకే రాసుకుంటారు. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి.

అసలు మా ఊళ్ళో అద్దెకుండేవాళ్ళు ఎప్పుడొచ్చారు? నాకు కనిపించే మలుపు 1985. ఆ ఏడాది ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి రాష్ట్రమంతటా వెయ్యికి పైగా మండలాలు పెట్టింది. అంతకుముందు అన్నిటికీ చోడవరం పోవాల్సిందే. బుచ్చయ్యపేట మండల కేంద్రమయ్యాక ఆఫీసులొచ్చాయి, ఆఫీసుల వెనకాల బదిలీల మీద వచ్చే ఉద్యోగులొచ్చారు. గుమాస్తాలు, టీచర్లు, నర్సులు, కానిస్టేబుళ్ళు. ఊరికి తొలిసారి ఒకటో తారీఖున జీతం అందుకునే మనుషులు వచ్చారు. చెరుకు రైతు ఊరిది వేరే పంచాంగం. క్రషింగ్ చలికాలంలో మొదలై ఎండాకాలం ముదిరేలోపు అయిపోతుంది, డబ్బులు దాని వెనకాల వస్తాయి. ఒకటో తారీఖు అన్నది ఆ పంచాంగంలో లేదు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాక ఇంకో తరం వచ్చింది, ఎక్కువమంది పాతికేళ్ళ పిల్లలు, పెళ్ళికానివాళ్ళు.

వీళ్ళందరూ ఊళ్ళోనే ఉంటారా? ఉండరు. ఇంటద్దె భత్యం ఊరి జనాభాని బట్టి ఉంటుంది, పల్లెకి అందరికంటే తక్కువ. చోడవరంలోనో అనకాపల్లిలోనో ఉండి బండి మీద వచ్చిపోయేవాళ్ళు చాలామంది. అంటే మా వాటా పోటీపడేది పక్కింటి వాటాతో కాదు, మోటారు సైకిలుతో. ఆ సంగతి అర్థమైతే ఖాళీ నెలల లెక్క సగం అర్థమైనట్టే.

కాగితం తీసుకుని చూద్దాం. ఉదాహరణకి అయిదు వాటాలు, ఒక్కోటి 3,000. ఏడాదికి 1,80,000. ఒక వాటాకి 300 పెంచారు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు. కొత్తవాళ్ళు దొరకడానికి రెండు నెలలు పట్టింది. పోయింది 6,000. సున్నాలకీ చిన్న రిపేర్లకీ ఇంకో 4,000. మొత్తం 10,000. నెలకి 300 చొప్పున అది తిరిగి రావడానికి 33 నెలలు దాటుతుంది. దాదాపు మూడేళ్ళు. ఆ లోపు కొత్తవాళ్ళకి బదిలీ అయితే మళ్ళీ మొదటికే. పెంచొద్దని కాదు. ధరలు పెరుగుతుంటే అద్దె పెరగాలి. కానీ ఏడాదికోసారి, ముందే చెప్పుకున్న కొద్దిమొత్తం పెరగడం వేరు, ఉన్నట్టుండి పెంచి మనిషిని పోగొట్టుకోవడం వేరు.

*

ఈ లెక్కని నూటయాభై ఏళ్ళ కిందటే పట్టుకున్న మనిషి ఒకరున్నారు. లండన్‌లో ఆక్టేవియా హిల్. 1865లో ఆమె మేరిల్‌బోన్‌లోని పారడైజ్ ప్లేస్ అనే మురికిసందులో మూడు పాత ఇళ్ళ నిర్వహణ చేపట్టింది. డబ్బు పెట్టింది జాన్ రస్కిన్. 1904లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్ళే రైల్లో గాంధీ ఒక్క రాత్రిలో చదివి మారిపోయిన పుస్తకం రాసింది ఈ రస్కినే. ఆయన దానం చెయ్యలేదు. పెట్టిన డబ్బుకి నూటికి అయిదు రావాలన్నాడు. లాభం వస్తేనే ఇంకొకళ్ళు అనుసరిస్తారని ఆయన నమ్మకం.

ఆమె చేసినవి చాలా మామూలు పనులు. వారం వారం తనే వెళ్ళి అద్దె వసూలు చేసింది, ఎందుకంటే అక్కడి కూలీలకి డబ్బొచ్చేది వారానికోసారి. బాకీ పేరుకుపోనివ్వలేదు. రిపేర్లకని ఒక్కో ఇంటికి ఏటా ఇంత అని ముందే పక్కన పెట్టింది. అందులో మిగిలినదాన్ని అద్దెకున్నవాళ్ళు ఏది కోరితే ఆ వసతికి ఖర్చుపెట్టింది. కాబట్టి కిటికీ పగలకుండా చూసుకోవడం వాళ్ళ లాభమే అయింది. పనులు దొరకని రోజుల్లో ఇంటి మరమ్మతు పనులు అద్దెకున్నవాళ్ళకే ఇచ్చింది. అలా ఖాళీ చేతులకి పని, పనికి కూలి, కూలిలోంచి అద్దె. రస్కిన్ అడిగిన అయిదు శాతం వచ్చింది. ఆమె పద్ధతిలో పెద్దరికం ఎక్కువ. అద్దెకున్నవాళ్ళ నడవడి దిద్దడం కూడా తన పనే అనుకుంది, మాట వినని వాళ్ళని పంపేసింది. అది ఇవాళ మనకి నచ్చదు, నచ్చకూడదు. కానీ డబ్బు విషయంలో ఆమె కనిపెట్టింది నిజం. అద్దె రేటు పెంచకుండా రాబడి పెంచొచ్చు, తారీఖుల్ని సరిచేస్తే చాలు.

అదే పద్ధతి మా ఇంటికి తెచ్చుకుంటే ఏమవుతుంది? జీతగాళ్ళకి అయిదో తారీఖు గడువు. తాపీపని చేసుకునే ఆయనకి నెలకి రెండు దఫాలు. పంచాయతీ ఇంటిపన్ను, ఏడాదికోసారి సున్నాలు, మోటారు రిపేరు వీటన్నిటినీ కూడి పన్నెండుతో భాగించి ఆ మొత్తాన్ని అద్దె రాగానే పక్కన పెట్టడం. అడ్వాన్సుని రాబడి అనుకోకపోవడం, అది తిరిగివ్వాల్సిన అప్పు. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం ఇళ్ళకి రెండు నెలల అడ్వాన్సు చాలంటోంది. బదిలీ మీద వచ్చిన కొత్త టీచరుకి ఆరు నెలల అద్దె ముందే పెట్టమంటే ఆమె నేరుగా చోడవరం బస్సెక్కుతుంది.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది మీటరు. అన్నదమ్ముల వాటాలకి పాతరోజుల్నుంచీ ఒకటే సర్వీసు కనెక్షను ఉంటుందని చెప్పాను కదా. 2022–23 టారిఫ్ చూడండి. మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75. అయిదు కుటుంబాలు తలా 75 యూనిట్లు వాడితే ఒకే మీటరు మీద 375. యూనిట్ల ఖర్చు 2,329 రూపాయల 50 పైసలు. అదే అయిదు మీటర్లయితే ఒక్కొక్కరికి 192, మొత్తం 960. ఫిక్స్‌డ్ ఛార్జీల్లాంటివి వేరే ఉన్నా, నెలకి 1,300కి పైగా తేడా. ఇంటావిడ కరెంటు కలిపే అద్దె తీసుకుంటుంటే ఆ డబ్బు ఆమె చేతిలోంచి పోతోంది. విడిగా పంచుతుంటే అద్దెకున్నవాళ్ళ చేతిలోంచి పోతోంది. అయిదు వాటాల అద్దె తలా 260 పెంచినంత. ఒక్కరి మనసూ నొప్పించకుండా.

*

ఇంకొక ఖర్చుంది. దాన్ని ఏ పద్దులోనూ రాయరు. టు-లెట్ బోర్డు మీద కనిపించని షరతులు. పెళ్ళికాని కుర్రాళ్ళకి ఇల్లివ్వకపోవడం మీద "చిత్రం భళారే విచిత్రం" అని మొత్తం ఒక సినిమానే తీశారు, ఇల్లు దొరకడానికి నరేష్ ఆడవేషం వేస్తాడు. అందరం నవ్వుకున్నాం. నవ్వురాని షరతు ఇంకోటి. ఇల్లు చూడ్డానికి వచ్చిన మనిషిని మంచినీళ్ళిచ్చి కూచోబెట్టి, ఊరూ పేరూ అడిగి, ఇంటిపేరు అడిగి, "మీరేవుట్లు?" అని అడుగుతారు. జవాబు విన్నాక "మా అబ్బాయినడిగి చెప్తాం" అంటారు. మా వీధిలో ఇది నేను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాట. అలా వెనక్కి వెళ్ళిన మనిషి ప్రభుత్వ ఉద్యోగే కావచ్చు, ఒకటో తారీఖున అద్దె చేతిలో పెట్టగలిగినవాడే కావచ్చు. అతను రోజూ బస్సులో వచ్చిపోతుంటాడు. వాటాకి తాళం వేలాడుతుంటుంది.

అద్దె చట్టాలు ఎన్ని వచ్చినా ఈ తాళాన్ని ముట్టుకోలేదు. రేటెంతో చెప్పాయి, ఖాళీ ఎలా చేయించాలో చెప్పాయి. ఇల్లు ఎవరికివ్వాలన్నది చాలావరకు ఇంటివాడి ఇష్టానికే వదిలేశాయి. అవమానానికి ధర కట్టలేం, కట్టకూడదు కూడా. డబ్బు నష్టం కాబట్టి కులం అడగొద్దు అనడం తక్కువ మాటే. కులం అడగడం తప్పు కాబట్టే అడగొద్దు. అమ్మతో నేను ఆ మాటే ముందన్నాను. ఆవిడ పలకలేదు. తర్వాత పక్కవీధిలో ఆరు నెలలుగా ఖాళీగా ఉన్న వాటా లెక్క చెప్పాను. "18,000 అంటే నా మందులు ఏడాదికి వస్తాయి కదరా" అంది. ఏ మాట పనిచేసిందో నాకు తెలీదు. మూల వాటాలో ఇప్పుడు ఒక సచివాలయం ఉద్యోగి ఉంటోంది. ఏవుట్లో మేం అడగలేదు.

చరిత్రలో అద్దె గురించి మాట్లాడినప్పుడల్లా మనం ఇంటివాళ్ళనీ అద్దెకున్నవాళ్ళనీ రెండు పక్షాలుగా నిలబెడతాం. గ్లాస్గోలో అది నిజం, యుద్ధకాలపు మద్రాసులో నిజం, ఇవాళ్టి హైదరాబాదులో చాలాచోట్ల నిజం. కానీ అయిదు వాటాల ఇంట్లో ఇద్దరికీ శత్రువు ఒకటే, ఖాళీ నెల. అది ఒకరికి అద్దె లేకుండా చేస్తుంది, ఇంకొకరికి ఇల్లు లేకుండా చేస్తుంది. రాగిరేకు మీద వాటాలు రాసుకున్నవాళ్ళ నుంచి కిస్తు కట్టలేక ఎస్టేటు పోగొట్టుకున్నవాళ్ళ దాకా అందరూ చివరికి నేర్చుకున్నది ఇంతే: రాబడి అన్నది రావాల్సిన మొత్తం కాదు, వచ్చిన రోజు.